అత్తిబెలెలో ఎవరెవరు ఉంటున్నారు?

బెంగళూరు నుంచి హోసూరు వెళ్ళే రహదారి మీద, కర్ణాటక సరిహద్దును ఆనుకుని అత్తిబెలె ఉంది. బెంగళూరు నగర జిల్లాలో ఆనేకల్ తాలూకా ఊరిది. టోల్‌గేటు దాటి కొద్ది దూరం పోతే తమిళనాడు వస్తుంది. చుట్టూ పారిశ్రామికవాడలే. అత్తిబెలెదొకటి, వెనక బొమ్మసంద్ర, పక్కన జిగణి, సరిహద్దు అవతల హోసూరు. ఈ ప్రాంతంలో కన్నడంతో పాటు తెలుగు, తమిళం తరతరాలుగా ఇంటి భాషలు. ఫ్యాక్టరీలు వచ్చాక హిందీ, ఒడియా, అస్సామీ కూడా తోడయ్యాయి. అనంతపురం నుంచో మదనపల్లె నుంచో పనికి వచ్చినవాళ్ళు ఒక గదిలో ఉంటే, పక్క గదిలో ఒడిశా కుర్రవాళ్ళు ఉంటారు.

ఇవాళ ఈ ఊళ్ళో ఎంతమంది ఉంటున్నారు? జనాభా లెక్కలవాళ్ళు గడప గడపకూ తిరిగి రాసుకున్న జవాబు కావాలంటే 2011కు వెళ్ళాలి. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు జరగలేదు. 2027 మార్చి 1ని గణన తేదీగా నిర్ణయిస్తూ 2025 జూన్ 16న ప్రకటన వెలువడింది. రెండు లెక్కల మధ్య పదహారేళ్ళు. పొలాలు లేఅవుట్లయి, లేఅవుట్లు అద్దె గదుల వరసలయ్యే అత్తిబెలె లాంటి చోట, ఆ పదహారేళ్ళ కిందటి లెక్క వేరే ఊరి లెక్కే.

పేద దేశాలు తమ లెక్కలు తామే కట్టుకోగలిగితేనే అభివృద్ధి సాధ్యం అన్నది ఇవాళ్టి ప్రసంగ విషయం. దీన్ని గణాంక సామర్థ్యం అంటున్నారు. ఆ మాట వినగానే కంప్యూటర్లు, రాజధానిలో పెద్ద కార్యాలయం కళ్ళ ముందుకొస్తాయి. అవీ కావాలి. కానీ ఆ సామర్థ్యం నిలబడేదీ, పడిపోయేదీ ప్రశ్న అడిగే మనిషికీ జవాబు చెప్పే మనిషికీ మధ్యన అని నా నమ్మకం. అక్కడ జరిగేదేమిటో కొంచెం వివరంగా చెబుతాను.

ఒక సర్వే ఉద్యోగి అత్తిబెలెలో అద్దె గదుల వరస ముందు నిలబడ్డాడనుకోండి. ఒకే పొడుగాటి గోడకు ఎనిమిది తలుపులు. చివర రెండు మరుగుదొడ్లు, ముందు ఒక నీళ్ళ సంపు. ఇళ్ళు ఎనిమిదా? సర్వేల్లో కుటుంబం అంటే రక్తసంబంధం కాదు. మామూలుగా ఒకచోట ఉంటూ, ఒకే వంట తినేవాళ్ళు ఒక కుటుంబం. ఆరుగురు కుర్రవాళ్ళు గది పంచుకుని ఒకే పొయ్యి మీద వండుకుంటే అది ఒక కుటుంబం. వాళ్ళలో ఇద్దరు వేరే వండుకుంటే అదే గదిలో రెండు కుటుంబాలు. ఈ సంగతి తలుపు చూసి తెలిసేది కాదు, అడగాలి. 2025లో కర్ణాటక వెనుకబడిన తరగతుల కమిషన్ సర్వే చేసినప్పుడు విద్యుత్ మీటర్లను బట్టి ఇళ్ళను గుర్తించి తలుపుల మీద స్టిక్కర్లు అంటించారు. ఇల్లు ఎక్కడుందో కనిపెట్టడానికి అది మంచి దారే. కానీ ఒక్క మీటరు మీద నాలుగు గదులు నడిచే వీధిలో ఆ దారి సగంలోనే ఆగిపోతుంది. మిగతా సగం మనిషే నడవాలి.

సరే, తలుపు తట్టాడు. ఒకావిడ బయటికి వచ్చింది.

"ఏమ్మా, ఈ ఇంట్లో ఒక్క పొయ్యి మీద వండుకొని తినేది ఎంతమంది?"

"నలుగురం సార్."

"ఇంకెవరూ ఉండరా? ఇక్కడే పండుకునేవాళ్ళు?"

"మా మరిది ఉంటాడు సార్. వానిది నైట్ షిఫ్టు, పగలంతా పండుకోనుంటాడు. వాని పేరు గూడా రాయాల్నా? ఊర్లో రేషన్ కార్డులో వాని పేరుండాది. ఈడ రాస్తే ఆడ తీసేస్తారేమో సార్."

ఈ రెండు నిమిషాల మాటల్లో ఒక దేశపు గణాంక వ్యవస్థ మొత్తానికి పరీక్ష ఉంది. ఆ ఉద్యోగి రెండో ప్రశ్న వేయకపోతే మరిది లేనట్టే. వేసినా, ఆమె భయం పోగొట్టేలా ఆమె భాషలో చెప్పలేకపోతే ఆమె అతని పేరు చెప్పదు. ఆ మరిది ఒక్కడు పోతే ఏమవుతుందంటారా? పోయేది ఒక్కడు కాదు, ఒక రకం మనుషులు. రాత్రి పనివాళ్ళు, ఒంటరిగా వలస వచ్చినవాళ్ళు, గుత్తేదారు కింద పనిచేసేవాళ్ళు, అంతా ఒకే కారణంతో జారిపోతారు. అప్పుడు ఉపాధి లెక్క తప్పుతుంది, కూలిరేట్ల లెక్క తప్పుతుంది, ఊరికి ఎన్ని నీళ్ళు కావాలన్న లెక్క కూడా తప్పుతుంది.

తాళం వేసిన తలుపుదీ అదే కథ. ఎన్నుకున్న ఇంటికి తాళం ఉంటే మళ్ళీ వెళ్ళాలి. సాయంత్రం వెళ్ళాలి, ఆదివారం వెళ్ళాలి. అప్పటికీ దొరక్కపోతేనే బదులు ఇంకో ఇల్లు. కానీ రోజుకు ఇన్ని ఫారాలు పూర్తి కావాలన్న ఒత్తిడి ఉన్నప్పుడు, జీతం కాంట్రాక్టు మీద వచ్చేటప్పుడు, తెరిచి ఉన్న పక్కింటి తలుపు పిలుస్తూనే ఉంటుంది. తెరిచి ఉన్న తలుపులో దొరికేది ఇంటిపట్టున ఉండేవాళ్ళు, ముసలివాళ్ళు. పనికి పోయినవాళ్ళు దొరకరు. ఇక కాగితం మీద ఆ వీధి తీరే మారిపోతుంది. నెలంతా పట్టుదలగా తిరిగే క్షేత్ర సిబ్బందిని చూసినప్పుడల్లా, వీళ్ళను ఆర్థికవేత్తల కన్నా ముందు గౌరవించాలి అనిపిస్తుంది నాకు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలంటాం. కుండలో బియ్యమంతా ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉడుకుతుంది గనక ఆ మాట చెల్లుతుంది. ఊరు అలా ఉండదు. పాత అగ్రహారం వీధి ఒకలా, ఫ్యాక్టరీ గోడ వెనక వీధి ఇంకొకలా. అందుకే నమూనా సర్వేకు ముందు చేతిలో ఒక జాబితా ఉండాలి. ఊళ్ళో ఎన్ని వీధులున్నాయి, ఏ వీధిలో ఎన్ని ఇళ్ళున్నాయి అన్న పూర్తి జాబితా. దాన్నించి పక్షపాతం లేకుండా కొన్నిటిని ఎంచాలి. మన దేశంలో పట్టణాల కోసం జాతీయ నమూనా సర్వేవాళ్ళు ఊరిని చిన్న చిన్న బ్లాకులుగా కోసి, ఒక్కోదానికి ఈ పక్క రోడ్డు, ఆ పక్క మురుగుకాలువ, మూలన గుడి అని హద్దులు రాసి పెట్టుకుంటారు. అయిదేళ్ళకొకసారి ఆ హద్దుల్ని సరిచూడాలని నియమం. పల్లెలకైతే జనాభా లెక్కల గ్రామ జాబితాయే ఆధారం. జాబితా పాతబడితే కొత్త లేఅవుట్లు ఎంపికలోకే రావు. సర్వే ఎంత నిజాయితీగా చేసినా లేని వీధిలోంచి ఇల్లు తీయలేం కదా.

ఇంకో చిక్కుంది. ఊరు పట్టణమని ఎవరు చెప్పాలి? జనాభా 5,000 దాటి, మగవాళ్ళలో ప్రధానంగా పనిచేసేవారు నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండి, చదరపు కిలోమీటరుకు 400 మంది నివసిస్తే, పాలించేది పంచాయతీ అయినా జనాభా లెక్కలవాళ్ళు దాన్ని సెన్సస్ టౌన్ అంటారు. ఆనేకల్ తాలూకాలో ఊళ్ళు ఈ గీత దాటుతూనే ఉన్నాయి. గీత దాటినట్టు లెక్క చెబితేనే మురుగుకాలువకు, ఆసుపత్రికి, బస్సుకు వాదించడానికి కాగితం చేతికొస్తుంది.

ఇదంతా ఒక సరిహద్దు పట్టణం బాధ మాత్రమే కాదు. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో చివరి జనాభా లెక్కలు జరిగింది 1984లో. అప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. నైజీరియాలో 1962 లెక్కను రద్దు చేశారు, 1973 లెక్కనూ రద్దు చేశారు. ఉత్తరం, దక్షిణం ఎవరి జనం ఎక్కువైతే వాళ్ళకు నిధులు, సీట్లు ఎక్కువ గనక ఏ లెక్కనూ రెండో పక్షం నమ్మలేదు. 2006 తర్వాత అక్కడ జనాభా లెక్కలే లేవు.

ఆర్థిక లెక్కలదీ ఇదే దారి. 2010 నవంబరులో ఘనా దేశం తన స్థూల దేశీయోత్పత్తిని కొత్త ఆధార సంవత్సరంతో తిరిగి కట్టింది. అంతకుముందు 1993 నాటి ఆర్థికవ్యవస్థను కొలబద్దగా పెట్టుకుని కొలుస్తున్నారు. కొత్తగా కొలిచేసరికి అంకె దాదాపు 60 శాతం పెరిగింది. కాగితం మీద పేద దేశాల జాబితాలోంచి ఘనా మధ్యాదాయ దేశాల్లోకి వెళ్ళిపోయింది. ఒక్క కుటుంబానికీ ఆ రోజు ఆ దేశపు డబ్బు సెడి ఒక్కటీ అదనంగా రాలేదు. 2014 ఏప్రిల్లో నైజీరియా అదే పని చేసింది. వాళ్ళ ఆధార సంవత్సరం 1990. అప్పటికి దేశంలో సెల్‌ఫోన్లు లేవు, ఇప్పటి సినిమా పరిశ్రమ లేదు. కొత్త లెక్కలో అంకె 89 శాతం పెరిగి, నైజీరియా దక్షిణాఫ్రికాను దాటి ఆఫ్రికాలో అతిపెద్ద ఆర్థికవ్యవస్థ అయింది. మరి అన్నేళ్ళూ ఆ పాత అంకెల మీద ఎన్ని అప్పుల షరతులు రాశారో, ఎన్ని ప్రణాళికలు గీశారో ఆలోచించండి. తప్పు అక్కడి ఉద్యోగులది కాదు. కొత్త సర్వేలకు డబ్బు ఇవ్వలేదు, మనుషుల్ని ఇవ్వలేదు.

ఇలాంటి దేశాలకు మనుషుల్ని తయారుచేసి ఇవ్వాలన్న ఆలోచన మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే ఆచరణలోకి వచ్చింది. అందులో ఒక తెలుగువాడి పాత్ర పెద్దది. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకానికి సి.ఆర్. రావు. 1920 సెప్టెంబరు 10న హూవిన హడగలిలో పుట్టారు. అప్పుడది మద్రాసు రాజధానిలో బళ్ళారి జిల్లా, ఇప్పుడు కర్ణాటకలో విజయనగర జిల్లా. తండ్రి దొరస్వామి నాయుడు పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల వెంట చదువు గూడూరు, నూజివీడు, నందిగామల మీదుగా విశాఖపట్నం చేరింది. తల్లి లక్ష్మీకాంతమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదట. ఆ ఋణాన్ని ఆయన తన పుస్తకం అంకితంలో చెప్పుకున్నారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేశాక సైనిక సర్వే విభాగంలో ఉద్యోగానికి కలకత్తా వెళ్ళారు. ఉద్యోగం రాలేదు. బస చేసిన హోటల్లో పరిచయమైన ఒక దక్షిణాది యువకుడు మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నాడు. ఆ మాట వెంట వెళ్ళి 1941 జనవరి 1న అక్కడ చేరారు. 1945లో రాసిన ఒక్క పత్రంతో ప్రపంచ గణాంకశాస్త్రంలో ఆయన పేరు నిలిచిపోయింది. ఇంత సమాచారం చేతిలో ఉంటే మన అంచనా నిజానికి ఎంత దగ్గరగా రాగలదు, ఆ హద్దు దాటి ఎవరూ ఎందుకు పోలేరు అన్నది అందులో తేల్చిన విషయాల్లో ఒకటి. 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని, ఆ ఆగస్టు 22న కన్నుమూశారు.

ఇవి పత్రికల్లో వచ్చిన సంగతులే. తక్కువగా చెప్పుకునేది ఆయన బడిపంతులు పని. మహలనోబిస్ సంస్థలో పరిశోధన, శిక్షణ విభాగాన్ని ఆయన ఏళ్ళ తరబడి నడిపారు. 1950లో కలకత్తాలో అంతర్జాతీయ గణాంక విద్యాకేంద్రం మొదలైంది. యునెస్కో, భారత ప్రభుత్వం అండగా నిలిచాయి. దక్షిణాసియా, ఆగ్నేయాసియా, ఆ తర్వాత ఆఫ్రికా దేశాల ప్రభుత్వ ఉద్యోగులు అక్కడికి వచ్చి, నెలల తరబడి ఉండి సర్వే చేయడం, లెక్క కట్టడం నేర్చుకుని వెళ్ళారు. ఆ కేంద్రం ఒక తరానికి మించి పనిచేసింది. ఆగ్నేయాసియాకు ఎంతమంది గణాంక నిపుణులు కావాలో తేల్చే ఐక్యరాజ్యసమితి కమిటీకి రావు అధ్యక్షులయ్యారు. ఆయన సిఫారసు మీద 1970లో టోక్యోలో ఏషియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. ఇప్పుడది ఆసియా పసిఫిక్ గణాంక సంస్థ పేరుతో జపాన్‌లోనే చిబాలో ఉంది. పేద దేశాల గుమాస్తాలకు, అధికారులకు చదువు చెప్పడానికి సిద్ధాంతంలో ఇంత ఎత్తు ఎదిగిన మనిషి ఇంత సమయం ఇవ్వడం నాకు ఆయన సూత్రాలంత గొప్పగా కనిపిస్తుంది.

ఆ రోజుల్లో కలకత్తాకు ఎవరెవరు వచ్చారో చూడండి. 1956 డిసెంబరులో చైనా ప్రధాని చౌ ఎన్‌లై వచ్చి ఆ సంస్థలో నమూనా సర్వేల పద్ధతి గురించి అడిగి తెలుసుకున్నారు. 1958లో వియత్నాం నుంచి హోచిమిన్ వచ్చారు. పెద్ద దేశం, తక్కువ డబ్బు, ఇంటింటికీ పోలేని పరిస్థితి. వాళ్ళ ప్రశ్నలూ మన ప్రశ్నలూ ఒకటే. 1950లో మనం మొదలుపెట్టిన జాతీయ నమూనా సర్వే లాంటిది అంత విస్తారంగా అప్పటికి ఇంకే పేద దేశంలోనూ లేదు.

శిక్షణ అంటే సూత్రాలు బట్టీ పట్టించడం కాదని చెప్పడానికి, రావు తన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంలో చెప్పిన ఒక ఉదంతం నాకు చాలా ఇష్టం. 1947లో ఢిల్లీలో మతకల్లోలాలు చెలరేగినప్పుడు వేలమంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్ళకు భోజనం పెట్టే బాధ్యత కాంట్రాక్టర్లది. బిల్లులు పెద్దవిగా వస్తున్నాయి. లోపల ఎంతమంది ఉన్నారో తెలియదు, లోపలికి పోయి లెక్కపెట్టే పరిస్థితి లేదు. అప్పుడు గణాంక నిపుణులను పిలిచారు. వాళ్ళ చేతికి దొరికింది కాంట్రాక్టర్ల బిల్లులే. ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు అని అందులో ఉంది. మనిషి రోజుకు సుమారు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు తింటాడో కుటుంబ ఖర్చుల సర్వేల వల్ల ముందే తెలుసు. మూడింటితోనూ విడివిడిగా జనాన్ని లెక్కకట్టారు. మూడు లెక్కలూ ఒకటి కావాలి కదా. కాలేదు. బియ్యం లెక్కన జనం అన్నిటికన్నా ఎక్కువ, ఉప్పు లెక్కన అన్నిటికన్నా తక్కువ. బియ్యం ఖరీదైనది, ఎక్కువ రాస్తే లాభం. ఉప్పు చవక, దాన్ని పెంచి రాస్తే వచ్చేదేమీ లేదు. కాబట్టి ఉప్పు చెప్పిన లెక్కనే తీసుకోమని ఆ నిపుణుల్లో ఒకరైన జె.ఎం. సేన్‌గుప్తా సూచించారు. హుమాయూన్ సమాధి దగ్గరి చిన్న శిబిరంలో ఆ పద్ధతిని సరిచూస్తే నిలబడింది.

ఆ పని చేయడానికి రెండు కావాలి. ఒకటి, ఎవరికి ఎక్కడ అబద్ధం చెప్పే అవసరం ఉందో పసిగట్టే బుద్ధి. రెండోది, ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఓపికగా చేసి పెట్టిన కుటుంబ ఖర్చుల సర్వే. మనిషి ఎంత ఉప్పు తింటాడో ఎవరో ఒకరు ఎప్పుడో ఇంటింటికీ పోయి రాసి ఉండకపోతే ఆ రోజు ఎంత తెలివీ పనికొచ్చేది కాదు.

పేద దేశాలకు అందే సాయంలో ఈ రెండోదే ఎప్పుడూ వెనకబడుతుంది. 2004లో మరాకెష్‌లో దేశాలన్నీ కూర్చుని గణాంకాల కోసం కార్యాచరణ ప్రణాళిక ఒకటి ఆమోదించాయి. ప్రతి పేద దేశం తన సొంత గణాంక వ్యూహం రాసుకోవాలి, దాతలు దానికి డబ్బివ్వాలి అన్నారు. వ్యూహాలు చాలా దేశాలు రాశాయి. మొత్తం విదేశీ సాయంలో వంద రూపాయలకు అర్ధరూపాయి కూడా గణాంకాలకు పోవడం లేదు. పోయినదాంట్లోనూ ఎక్కువ భాగం దాతలకు కావలసిన సర్వేలకే. తల్లీబిడ్డల ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పోషకాహారం గురించి అమెరికా సాయంతో 1984 నుంచి నడిచిన ఆరోగ్య, జనాభా సర్వేల కార్యక్రమం 90కి పైగా దేశాల్లో గొప్ప పని చేసింది. అమెరికా తన విదేశీ సాయాన్ని నిలిపివేయడంతో 2025 ఫిబ్రవరిలో ఆ కార్యక్రమం ఆగింది. శిశుమరణాల రేటు ఎంతో చెప్పడానికి దాని మీదే ఆధారపడ్డ దేశాలున్నాయి. సొంతంగా జననాలు, మరణాలు నమోదు చేసే వ్యవస్థ ఉంటే ఇంత దెబ్బ తగలదు. కానీ అది కట్టాలంటే ఇరవై, ముప్ఫై ఏళ్ళు పడుతుంది, ఊరూరా ఒక మనిషి కావాలి. మూడేళ్ళ ప్రాజెక్టు నివేదికలో అది చూపించుకోవడం కష్టం గనక దాతలకు ఆసక్తి తక్కువ. ఆ ఆసక్తి పెరగాలని అడిగే హక్కు మనలాంటి దేశాలకు ఉంది.

మరి మన ఇంట్లో? ఊరూరా ఒక మనిషి మనకు ఒకప్పుడు ఉన్నాడు. కరణం. పొలం పొలం తిరిగి ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో అజమాయిషీ చేసి ఆంధ్రలో అడంగల్ రాసేవాడు. తెలంగాణలో దాన్ని పహాణీ అన్నారు, ఆనేకల్ రైతుకూ పహణి మాట బాగా తెలుసు. ఆ కరణాలు చేసిన అన్యాయాలు తక్కువ కావు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల వంశపారంపర్య వ్యవస్థను తీసివేసినప్పుడు ఊళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి. అది జరగవలసిందే. అయితే పంటల లెక్క రాసే పని మాత్రం ఆ తర్వాత ఎవరికీ మొదటి పని కాలేదు. 2001లో గణాంకాల మీద వేసిన రంగరాజన్ కమిషన్ దేశం మొత్తం మీద ఇదే చెప్పింది. గ్రామ రెవెన్యూ సిబ్బంది నెత్తిన పనులు పెరిగి, పంటల తనిఖీ వెనకబడి, వ్యవసాయ గణాంకాలు క్షీణించాయని.

దిగుబడి లెక్క చూడండి. లాటరీ పద్ధతిలో ఎంచిన పొలంలో, ఎంచిన చోట, వరికైతే అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు మడిని తాడుతో కొలిచి, కోసి, నూర్చి, తూచి రాయాలి. పంట కోత ప్రయోగం అంటారు. అంచు మీదున్న దుబ్బు లోపలిదా, బయటిదా? అనుమానం వచ్చిన ప్రతిసారీ లోపలికి వేసుకుంటే దిగుబడి పెరిగిపోతుంది. మడి చిన్నదైతే అంచు వాటా ఎక్కువ, తప్పూ ఎక్కువ. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో గణాంకవేత్త సుఖాత్మే ఈ సంగతి చేసి చూపించారు. మహలనోబిస్‌కూ ఆయనకూ దీని మీద పెద్ద వాదమే నడిచింది. ఇవాళ పంటల బీమా డబ్బు చాలావరకు ఈ ప్రయోగాల మీదే ఆధారపడి ఉంది. ఎండలో తాడు పట్టుకుని నిలబడిన ఆ చిన్న ఉద్యోగి ఒక దుబ్బును ఎటు వేశాడన్న దాన్ని బట్టి ఒక మండలం రైతులకు పరిహారం రావడం, రాకపోవడం ఉంటుంది. అలాంటి మనిషికి శిక్షణ ఎన్ని రోజులిస్తున్నాం, జీతం ఎంతిస్తున్నాం, అదే పనిలో ఎన్నేళ్ళు ఉండనిస్తున్నాం? ఉపగ్రహ చిత్రాలకు పెట్టే ఖర్చుకు నేను వ్యతిరేకిని కాను. వాటిని సరిచూడటానికి కూడా ఈ మనిషే కావాలి.

జనాభా లెక్కల ఆలస్యం సంగతి ఇంకా సూటిగా తగులుతుంది. 2013 ఆహార భద్రత చట్టం పల్లెల్లో నూటికి 75 మందికి, పట్టణాల్లో నూటికి 50 మందికి దాకా చవక ధాన్యం హక్కు ఇచ్చింది. ఎవరిలో నూటికి? చివరి జనాభా లెక్కల ప్రకారం. అంటే 2011 జనంలో. ఆ లెక్కన దేశం మొత్తానికి సుమారు 81 కోట్ల మంది. తర్వాత పెరిగిన జనానికి ఆ కోటాలో చోటు లేదు. అర్హత ఉండీ కార్డు దొరకని కుటుంబాలకు అధికారి చెప్పే జవాబు కోటా నిండిపోయిందని. ఆయన చెప్పేది నిజమే, కోటా పాత లెక్క మీద ఉంది. లెక్క ఆలస్యమైతే కంచంలో మెతుకులు తగ్గుతాయని దీనికన్నా స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు.

కట్టిన లెక్కను బయటపెట్టడం కూడా సామర్థ్యమే. 2017-18లో దేశమంతటా కుటుంబ వినియోగ వ్యయ సర్వే జరిగింది. సమాచారం నాణ్యత బాగోలేదంటూ ప్రభుత్వం 2019 నవంబరులో దాన్ని విడుదల చేయరాదని నిర్ణయించింది. 2011-12 తర్వాత మళ్ళీ అలాంటి లెక్క ప్రజల చేతికి రావడానికి 2022-23 సర్వే దాకా ఆగవలసి వచ్చింది. నాణ్యత మీద అనుమానం ఉంటే ఆ అనుమానాలతో సహా ప్రచురించాలి, నిపుణులు తేల్చుకుంటారు. ఆఫ్రికా, ఆసియా దేశాలకు పాఠాలు చెప్పిన దేశం ఆ మాట మీద నిలబడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. విడుదల తేదీ ముందే ప్రకటించి, అంకె తీపైనా చేదైనా ఆ తేదీకి ఇచ్చే అలవాటు ఉన్నచోటే ప్రజలు లెక్కను నమ్ముతారు. నమ్మితేనే రెండో ప్రశ్నకు కూడా నిజం చెబుతారు.

ఆ నమ్మకానికి చట్టంలో ఒక పునాది ఉంది. 1948 జనాభా లెక్కల చట్టం 15వ సెక్షను ప్రకారం మీరు ఎన్యూమరేటరుకు చెప్పిన వివరాలను ఎవరూ తిరగేసి చూడటానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా వాడటానికీ వీల్లేదు. రేషన్ కార్డు ఇవ్వడం, తీసేయడం ఈ వివరాల మీద జరిగేది కాదు. ఒక ఊళ్ళో కార్డు ఉండి ఇంకో ఊళ్ళో నివసిస్తే తప్పు లేదు, ఉన్నచోటే రాయించుకోవాలి. ఈ ముక్క పత్రికా ప్రకటనలో ఒకసారి వేసి ఊరుకుంటే చాలదు. హోసూరు రోడ్డు వెంట ఫ్యాక్టరీల గేట్ల దగ్గర, షిఫ్టు మారే వేళల్లో, కన్నడంలో, తెలుగులో, తమిళంలో, ఒడియాలో, హిందీలో మైకు పెట్టి చెప్పాలి. ఎన్యూమరేటరుగా వెళ్ళే టీచర్లకు ఇచ్చే శిక్షణలో ఫోన్ యాప్ నొక్కడం నేర్పినంత శ్రద్ధగా ఈ నాలుగు వాక్యాలు చెప్పడం నేర్పాలి. పగలు తాళం ఉన్న గదులకు రాత్రి ఎనిమిది దాటాక వెళ్ళే వెసులుబాటు, అందుకు వేరే భత్యం, తోడుగా ఇంకో మనిషి ఇవ్వాలి. ఆనేకల్ తాలూకాలో ఆ పని ఇంకా మొదలుకాకపోతే, మొదలుపెట్టమని మీ పురసభ సభ్యులను, పంచాయతీ సభ్యులను అడగండి.